మా అరుగు బండలతో కట్టిన మెట్లు

“మూడు మెట్లు ఎవలు కట్టుమన్నరు బాపమ్మా? నేను గీసిచ్చిన కాయిదంల మెట్లే లేవు గదా!”

“నేనే కట్టుమన్న. పది మంది కూసునే జాగ జర ఎత్తుగ ఉండాలె. నేలకు సమానంగ ఉంటే గొడ్లొస్తయ్, వాన నీళ్లొస్తయ్.”

“నీళ్లకు చుట్టూ కాలువ గీసిన. గొడ్లకు కట్టె దడి గీసిన.”

“కాయిదం మీద నీళ్లు నువ్వు చెప్పినట్టు ఇంటయ్ బిడ్డా. నేల మీద ఇనయ్.”

“కాలువ తవ్వించినవా? తవ్వియ్యలే. తవ్వకుండనే ఇనయని ఎట్లంటున్నవ్?”

మేస్త్రీ తాపీ పక్కన పెట్టి, నవ్వు కనబడకుండా తువ్వాలతో మూతి తుడుచుకున్నాడు. నాకు ఒళ్లు మండింది. నా మనుమరాలు భవనాలు గీసే చదువు చదివి కరీంనగర్‌లో ఒక ఆఫీసులో పని చేస్తోంది. పొద్దుటి బస్సు దిగి, ఇంట్లో చాయ్ కూడా తాగకుండా నేరుగా ఇక్కడికి వచ్చి, పనివాళ్ల ముందర నన్ను నిలదీసింది.

మా ఊరు ఉట్నూరుకు పోయే తోవలో ఉంటుంది. రైతుల వాడ, చర్చి వాడ, వాగు పక్కన గోండుల గూడెం. పెళ్లయినా చావయినా ఎవరి వాడలో వాళ్లే టార్పాలిన్ పరదాలు కట్టుకునేవాళ్లు. మూడు వాడలు కలిసేచోట అందరికీ ఒక హాలు కట్టుకుందామని ఊరంతా అనుకున్నారు. గీసే పని మనుమరాలిది, కట్టించే పని నాది. నేను చదివింది రెండో తరగతి దాకానే. కానీ ఖాళీ సిమెంటు సంచిని దులిపించి ఇంకో తట్టెడు మాలు తీయించే మనిషిని ఊళ్లో నేనొక్కదాన్నే. అందుకని పెత్తనం నాకిచ్చారు.

గీసే ముందు ఆ పిల్ల సెలవు దొరికినప్పుడల్లా వచ్చి ఇంటింటికీ తిరిగింది. చెప్పులు ఎక్కడ విడుస్తారు, ముసలివాళ్లు దేనికి ఆనుకొని కూర్చుంటారు, వంట కూర్చొని చేస్తారా, నిలబడి చేస్తారా అని అడిగి రాసుకుంది. ఇదేం చదువని నేను నవ్వాను. గూడెం పెద్దలు గుండ్రంగా కూర్చుంటేనే మాట నడుస్తుందన్నారట. చర్చి వాడలో ఒక ముసలామె మాత్రం, “ఎనుక దర్వాజ ఒక్కటి పెట్టకు బిడ్డా. పెడితే అది మాకే అయితది” అన్నదట. అందుకే మనుమరాలు నాలుగు దిక్కులా తెరిచి ఉండేటట్టు, ముందూ వెనకా లేకుండా గీసింది. నేల జానెడెత్తు మాత్రమే. ఏ వాడ నుంచి వచ్చినా నడుచుకుంటూ లోపలికి వచ్చెయ్యాలి.

ఆ మాటన్న ముసలామె మా పత్తి చేలలో నలభై ఏళ్లు పని చేసింది. ఈ వానలు మొదలైనప్పుడే ఆమె భర్త పోయాడు. వాళ్ల చర్చి చిన్నది, చుట్టాలందరికీ చాలదు. పోయినవాళ్ల పేరున ప్రార్థన చేసి అన్నం పెట్టే ఆదరణ కూడిక ఈ ఆదివారం హాలులో పెట్టుకుంటానని, వచ్చినవాళ్లకు తడవకుండా ఇంత అన్నం పెడితే చాలని నన్ను అడిగింది. సరే అన్నాను. హాలులో జరిగే మొదటి కార్యం అదే. మేము కొట్లాడుకున్నది శుక్రవారం.

మెట్ల సంగతి ఇది. ఎండాకాలంలో మా పాత ఇంటి అరుగు తీసేశాము. మా మామ కాలం నాటి బండలు, అరిగి నున్నగా అయినవి, కొట్టం వెనుక పడి ఉన్నాయి. పాత రాయి ఉండగా కొత్త రాయి కొనడం నాకు చేతకాదు. హాలు పీఠం మూడడుగులు లేపించి, మా వాడ దిక్కు ఆ బండలతో మెట్లు కట్టించాను. మిగిలిన మూడు దిక్కులా పీఠమే నడుమెత్తు గోడలాగా నిలిచింది. అది నాకు తప్పుగా తోచలేదు. పెద్దింటికి ఎత్తు ఉండటమే మర్యాద అనుకున్నాను.

మనుమరాలు కిందికి వంగి బండను తడిమింది. గొంతు తగ్గించింది.

“ఇవి మన అరుగు బండలు గదా?”

“అవు. బంగారమసొంటి బండలు.”

“వీటి మీద ఎవలు కూసున్నరు, ఎవలు కింద నిలబడ్డరు, నీకు యాదికి లేదా?”

“అప్పటి మాట అప్పటిదే. ఇప్పుడెవలు ఆపుతున్నరు? ఎక్కి కూసొమ్మను.”

“నోటితోని ఎవలూ ఆపరు బాపమ్మా. జాగనే ఆపుతది. మేము చదివిన చదువంత గీ ఒక్క మాటనే.”

“ఒక్క మాటకు అయిదేండ్లు ఎందుకు చదివినవే?”

ఆమె పోయి ఇసుక కుప్ప మీద కూర్చుంది.

మధ్యాహ్నం దాటాక ఆ ముసలామె వచ్చింది. భర్త ఫోటో ఎక్కడ పెట్టాలో, పొయ్యి ఎక్కడ తవ్వాలో చూసుకొని పోదామని వచ్చింది. మెట్ల ముందర ఆగింది.

“పైకి రా” అన్నాను.

“ఈడికెంచి కనబడుతున్నది తియ్యి, పటేలమ్మా.”

తుంపర మొదలైంది. నేను, మనుమరాలు, మేస్త్రీ పైన కప్పు కింద ఉన్నాము. ఆమె మెట్లు ఎక్కలేదు. పక్కకు జరిగి, చూరు కింద పీఠం గోడకు నడుము ఆనించి నిలబడింది. అరచెయ్యి పై మెట్టు మీద పెట్టి చూసింది.

“ఇవి మీ అరుగువే గదా” అన్నది. గొంతులో నిష్ఠూరం లేదు. చెయ్యి తీసి, “కూడిక మా ఇంటి కాడనే పెట్టుకుంట. పరదా దొరికింది” అన్నది.

పరదా దొరకలేదని నాకు తెలుసు. పొయ్యి మీద కట్టడానికి కావాలని ముందు రోజే మా ఇంటికి వచ్చి అడిగి, లేదంటే పోయింది.

ఆమె అట్లా నిలబడటం నేను ఇంతకు ముందు చూశాను. తన పెద్ద కొడుకు చంటివాడుగా ఉన్నప్పుడు వాడికి జ్వరమొస్తే, వానలో ఎత్తుకొని మా ఇంటికి మందుకు వచ్చింది. అరుగు కింద, గోడకు అతుక్కొని నిలబడింది. నేను పైనే ఉన్నాను. ఎక్కి కూర్చోమని నేను అనలేదు. ఆమె అడగలేదు. లోపలికి పోయి ఒక ఖాళీ గోనెసంచి తెచ్చి, పిల్లవాడికి కప్పుకొమ్మని అరుగు మీది నుంచి కిందికి వేశాను. మంచి పని చేశానని చాలా ఏళ్లు అనుకున్నాను. పిల్లవాడు బతికాడు. ఆమె ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు.

ఆమె కొంగు నెత్తి మీద వేసుకొని వెళ్లిపోయింది. మనుమరాలు నా దిక్కు చూడలేదు. నేను మేస్త్రీని పిలిచాను.

“రేపు పొద్దుగాల గడ్డపార పట్టుకొని రా. మెట్లు తీసెయ్యాలె. నాలుగు దిక్కుల మొరం పోసి ఏటవాలుగ చెయ్యాలె.”

“నిన్న కట్టిన మెట్లమ్మా. సిమెంటంత పోతది.”

“పోనీ.”

ఆ మాట నా నోట వచ్చినందుకు మేస్త్రీ నా ముఖంలోకి చూశాడు.

తెల్లారి మెట్లు తీశారు. సిమెంటు ఇంకా పచ్చిగా ఉండటంతో తొందరగానే ఊడాయి. బండలను హాలు పక్కనున్న బోరింగు కింద పరిపించాను, బురద కాకుండా. గుట్ట నుంచి ట్రాక్టరు మొరం మట్టి తెస్తూ ఉంది. మనుమరాలు దారం పట్టి వాలు చూపించింది, మనుషులు తడిపి దిమ్మిస కొట్టారు. మొదట చర్చి వాడ దిక్కు పోయించాను, తరువాత మా దిక్కు. గూడెం దిక్కు సగమే అయింది.

నేను చర్చి వాడకు పోయి, ఆమెను వచ్చి చూడమన్నాను. “ఇల్లు ఊడ్సి వస్త” అన్నది. కాసేపటికి కోడలితో వచ్చింది. తడి మొరం మీద మెల్లగా నడిచి లోపలికి వచ్చింది. నడిమధ్య నిలబడి నాలుగు దిక్కులా చూసింది. ఫోటో బల్ల ఎక్కడ పెట్టాలో కోడలికి చూపించింది. పొయ్యి పడమటి దిక్కు తవ్వితే బోరింగు దగ్గరవుతుందని నేను చెప్పాను.

“గాలి గటు నుంచే గదా వచ్చేది? పొగంత లోపలికొస్తది. నీకు తెల్వది, ఊకో” అన్నది.

తూర్పు దిక్కు తవ్వించుకుంది.