యాలకుల సంచిలో మాయా నాణెం

ఈరోజు పొద్దున ఈ అరబ్బు దేశంలో, అల్ రాయ్‌లోని మా గోదాములో కొత్త సరుకు దిగింది. మొదటి సంచి కుట్టు విప్పగానే యాలకుల ఘాటు ముక్కుకు తగిలి మస్తాన్ భాయ్ గుర్తొచ్చారు.

ఆయనది రాయచోటి. యాలకులు దిగుమతి చేసుకునే ఈ కంపెనీలో అప్పట్లో నా పై సూపర్‌వైజరు. నేను కోనసీమ నుంచి వచ్చిన కొత్తలో, కాయను గోటితో గిల్లి చూడటం దగ్గర్నుంచి మేనేజరుతో ఎలా మాట్లాడాలన్నదాకా ఆయనే నేర్పారు. కోపమొచ్చినా ఆయన గొంతు పెరిగేది కాదు.

ఒకసారి గ్వాటెమాలా నుంచి వచ్చిన సంచిని జల్లెడలో పోస్తుంటే, కాయలతో పాటు నాణెం ఒకటి జారిపడింది. ఒకవైపు పక్షి బొమ్మ, రెండోవైపు చెక్కిన రాతిస్తంభం. ఫోనులో వెతికి చెప్పాను: అది వాళ్ళ పది సెంటావోల బిళ్ళ, ఆ స్తంభాన్ని వెయ్యేళ్ళకు ముందే మాయా జాతివాళ్ళు క్విరిగువా అనే చోట నిలబెట్టారట. భాయ్ దాన్ని అరచేతిలో తిప్పి చూశారు.

"మన లేపాక్షి స్తంభాల మాదిరి ఉండాదే. పాపం, ఎవురో వంగి సంచి నింపతాంటే జేబులోంచి పడిపోయినట్టుండాది" అన్నారు.

మేనేజరు అలా చూడలేదు. తినే సరుకులో లోహం వచ్చిందని, సంచి నెంబరుతో సహా అవతలి కంపెనీకి ఫిర్యాదు పంపమన్నాడు. ఫిర్యాదు పంపుతాను గానీ నెంబరు ఇవ్వనన్నారు భాయ్. ఖాళీ సంచి అప్పటికే మిగతా వాటిలో కలిసిపోయింది, నెంబరు మా ఇద్దరికే తెలుసు. నెంబరు తెలిస్తే, ఆ సంచి నింపిన మనిషి పని పోతుందని ఆయన భయం.

"అయితే రేపట్నుంచి బయట మూటలు మోసుకో, ఖలాస్" అని మేనేజరు హిందీలో తేల్చేశాడు.

నేను భాయ్‌ని పక్కకు పిలిచాను. "మొహం తెలియనోళ్ళ కోసం మీకెందుకండీ ఇదంతా? ఇచ్చెయ్యండి."

"మొగం తెలిసుంటే ఇచ్చేవాడివా?" అని అడిగారు.

మరునాడు ఆయన లారీ దగ్గర నిలబడ్డారు. నన్ను ఆయన కుర్చీలో కూర్చోబెట్టి మేనేజరు అదే నెంబరు అడిగాడు. ఈ దేశంలో ఉండనిచ్చే నా ఇఖామా కార్డు రెన్యువల్ అతని చేతిలోనే ఉంది. "నావల్ల కాదు సార్" అన్నాను. ఇద్దర్నీ లారీ దగ్గరికి పంపితే లోపల సరుకు చూసేవాడు లేడు. దాంతో మేనేజరు విసుక్కుంటూ నాణెం ఫొటో మాత్రం పంపి ఊరుకున్నాడు.

భాయ్‌ని మళ్ళీ లోపలి పనికి పిలవలేదు. రాయచోటికి తిరిగి వెళ్ళిపోయేదాకా ఆయన మూటలే ఎత్తారు. నడుముకు పట్టీ కట్టుకుని నా బల్ల దగ్గరికొచ్చి టీ తాగేవారు. ఆ సంగతి ఒక్కసారీ ఎత్తలేదు.

నేనిప్పటికీ ఆ కుర్చీలోనే ఉన్నాను. ఎక్కడ పొరపాటు జరిగినా ముందు ఏమైందో అడుగుతాను, ఎవరు చేశారన్నది తర్వాత. కొత్తగా చేరినవాళ్ళు అది నా మెతకదనం అనుకుంటారు. అనుకోనిస్తాను.