తెలియదు డాక్టరమ్మ

మా మేడ మీది వాటాలో చాలా ఏళ్ళు అద్దెకున్న డాక్టరమ్మని మా వీధిలో ఎవరూ పేరుతో పిలవలేదు. అందరికీ ఆవిడ "తెలియదు డాక్టరమ్మ". ఆ పేరు పెట్టింది ఎదురింటి ఇస్త్రీ షాపు అతను. కూతురికి తలనొప్పి వస్తోందని ఓసారి మెట్ల దగ్గర ఆవిడని పట్టుకున్నాడు. ఆవిడ పిల్ల కళ్ళల్లోకి లైటు వేసి చూసి, మోకాలి మీద చిన్న సుత్తితో తట్టి, "ఎందుకొస్తోందో ఇప్పుడే తెలియదండీ, ముందు కళ్ళ డాక్టరుకి చూపించండి" అంది.

"తెలియదని చెప్పడానికి అంత చదువెందుకండీ? ఆ ముక్క మా ఆవిడ చదవకుండానే చెబుతుంది!" అని ఇస్త్రీకొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పాడు. పేరు అతుక్కుపోయింది.

నాకు ఊరుకుంటే తోచదు. ఎవరింట్లో గిన్నె మోగినా ఎందుకు మోగిందో తెలియాలి. నాలుగో తరగతితో చదువు మానేశాను గానీ ప్రశ్నలు మానలేదు. అందుకే ఆవిడ వచ్చిన వారంలోనే అడిగేశాను.

"ఆసుపత్రిలో మీరు ఎవర్ని చూస్తారమ్మా?"

"పుట్టగానే ఏడవని పిల్లల్ని చూస్తాను పిన్నిగారూ."

"ఏడిచే పిల్లలకి డాక్టర్లుంటారని తెలుసు. ఏడవని వాళ్ళక్కూడానా?"

ఆవిడ మెట్టు మీద కూర్చుని ఓపిగ్గా చెప్పింది. పుట్టగానే ఏడిస్తేనే ఊపిరి అందినట్టట. ఆ ఏడుపు ఆలస్యమైతే మెదడుకి దెబ్బ తగులుతుందట. తర్వాత ఫిట్స్ వస్తాయి, కానీ పెద్దవాళ్ళకొచ్చినట్టు కొట్టుకోవడం ఉండదు. ఊరికే పెదవులు చప్పరిస్తారు, కాళ్ళతో సైకిలు తొక్కినట్టు చేస్తారు. చూసేవాళ్ళు ఆడుకుంటున్నాడనుకుని మురిసిపోతారు. ఆవిడ వ్యాసాలన్నీ దీని గురించేనట, పెద్ద పెద్ద వైద్య పత్రికల్లో పడ్డాయి. ఒకటి చూపించింది. బొమ్మలుంటాయేమోనని తిప్పాను. పసిబిడ్డ మెదడు గీతలట, ఎగుడూ దిగుడూ. "నా కుట్టు కూడా ఇలాగే ఉండేదమ్మా, మా అత్తగారు విప్పించి మళ్ళీ కుట్టించేది" అన్నాను.

ఒకరోజు నేను కింద బట్టలారేస్తుంటే ఆవిడ బాల్కనీలో ఫోను మాట్లాడుతోంది. నేను వినాలని వినలేదు, చెవులకి మూతలుండవు కదా. "లేదండీ, నేనూ బ్లైండే. మా టీములో అందరం బ్లైండే" అంటోంది. నా గుండె గుభేలుమంది. అంత చక్కని కళ్ళు! సాయంత్రానికల్లా వీధంతా తెలిసిపోయింది. ఎలా తెలిసిందో నన్నడక్కండి. "అందుకేనా ఏదడిగినా తెలియదంటోంది!" అన్నాడు ఇస్త్రీ అతను. నేను సంచీడు క్యారెట్లు పట్టుకుని పైకెళ్ళి, కళ్ళకి మంచిదమ్మా అన్నాను. సంగతి తెలిశాక ఆవిడ గోడకి ఆనుకుని, కడుపు పట్టుకుని నవ్వింది. అంతలా నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే.

విషయం ఇదీ. ఏడవని పిల్లల కోసం ఒక కొత్త మందుని పరీక్షిస్తున్నారు. మామూలు వైద్యం అందరికీ ఉంటుంది. దాంతోపాటు చీటీలు వేసినట్టు సగం మందికి ఆ మందు, సగం మందికి ఉత్త ఉప్పునీళ్ళు ఎక్కిస్తారు. సీసాలు చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి. ఎవరికి ఏది పడిందో నర్సుకి తెలియదు, కన్నవాళ్ళకి తెలియదు, ఆవిడకీ తెలియదు. దాన్నే వాళ్ళు బ్లైండ్ అంటారట. ఆ గుట్టు వేరే ఊళ్ళో తాళం వేసి ఉంటుంది. ఆఖర్న చేరిన బిడ్డ నడిచే వయసుకొచ్చాకే తాళం తీస్తారు.

"ఎందుకమ్మా ఈ కళ్ళగంతల ఆట?"

"తెలిస్తే మనసు మొగ్గుతుంది పిన్నిగారూ. మందు పడ్డవాడు కాస్త కదిలినా నాకు నడిచినట్టే కనిపిస్తుంది. అది పనిచేస్తుందేమోనని ముందుగా రాసింది నేనే కదా."

మా వీధి మలుపులో బ్యాగులకి జిప్పులు వేసే పిల్ల ఒకతె ఉంది. జిప్పులమ్మాయి అంటాం. మొగుడు వ్యాను డ్రైవరు. దాని నోరు మహా దూకుడు. "నీ నోటికి కూడా ఒకటి వెయ్యనా అత్తా, మంచి గట్టి జిప్పుంది" అని నన్నే అన్న ఘటం. దానికి తొలిచూలు కొడుకు పుట్టాడు. పుట్టగానే ఏడవలేదు.

చూద్దామని ఆసుపత్రికి వెళ్ళాను. గాజుపెట్టెలో పడుకున్నాడు. జిప్పులమ్మాయి మొహం వెలిగిపోతోంది. "చూడత్తా, కాళ్ళెలా ఆడిస్తున్నాడో! వాళ్ళ నాన్న వ్యాను తోల్తే వీడు అప్పుడే సైకిలు తొక్కుతున్నాడు!"

డాక్టరమ్మ మెట్టు మీద కూర్చుని చెప్పిన సైకిలు నాకు గుర్తొచ్చింది. నోట్లో నువ్వుగింజ నానదని పేరు పడ్డదాన్ని, ఆ రోజు నోరు పెగల్లేదు. అటుగా వచ్చిన డాక్టరమ్మ గాజులోంచి చూసి, చప్పున నర్సుని పిలిచింది. తర్వాత మొగుడూ పెళ్ళాలని కూర్చోబెట్టి కొత్త మందు సంగతి, నీళ్ళ సంగతి దాచకుండా చెప్పింది. వద్దన్నా మామూలు వైద్యం ఆగదంది. వాళ్ళు సరేనన్నారు.

పిల్లాడు బతికాడు. పెరిగాడు గానీ మెడ నిలవలేదు. నిద్రలో తప్ప తల్లి చంక దిగడు. "మహారాజండీ, కాలు కింద పెట్టడు" అనేది జిప్పులమ్మాయి, వచ్చినవాళ్ళు జాలి పడకముందే. వీధికంతటికీ వాడు మహారాజే అయ్యాడు.

డాక్టరమ్మ నల్ల బ్యాగు తగిలించుకుని వాణ్ణి చూడ్డానికి వచ్చేది. అందులో గంట, చెక్క దిమ్మలు, చిన్న సుత్తి, ఎర్ర ఊలు బంతి. గంటకి వాడు ఉలిక్కిపడేవాడు. దిమ్మలు పట్టుకోలేకపోయేవాడు. బంతిని దారంతో వేలాడదీసి అటూ ఇటూ ఆడిస్తే మాత్రం రెండు కళ్ళూ దాని వెంటే వెళ్ళేవి. పెదవి మూల నవ్వు పూసేది. వాడికి వచ్చిన విద్య అదొక్కటే. తల్లి ఆ ఒక్క పరీక్ష కోసం ఎదురుచూసేది.

పరీక్ష అయిపోగానే అడిగేది. "మావాడికి పడింది మందా, నీళ్ళా?"

"తెలియదమ్మా."

"మీ కడుపున పుట్టినవాడైతే కనుక్కునేవారు."

"నా బిడ్డకైనా చెప్పరమ్మా. నిజంగా తెలియదు."

ఆవిడ వెళ్ళాక నాతో అనేది: "నీళ్ళే అత్తా. మన చీటీ ఏనాడు బాగుంది కనక! ఆ రెండో సీసా పడుంటే వీడీపాటికి వీధిలో పరుగులు తీసేవాడు. మీ కిటికీ అద్దం పగలగొట్టేవాడు. నువ్వొచ్చి నాతో పోట్లాడేదానివి." అలా అంటూ మలుపు వైపు చూసేది, నిజంగానే ఎవడో పరిగెత్తుకొస్తున్నట్టు. దానికి ఇద్దరు కొడుకులని నాకప్పుడు అర్థమైంది. ఒకడు చంకలో. ఇంకొకడు రెండో సీసాలో.

ఒక వానాకాలం మహారాజుకి ఛాతీ పట్టేసింది. అంతకుముందు చూడ్డానికొచ్చినప్పుడే బ్యాగు జిప్పు ఊడిందని డాక్టరమ్మ దాన్ని వాళ్ళ షాపులో వదిలి వెళ్ళింది. పిల్లాడు ఆసుపత్రి నుంచి తిరిగి రాలేదు. బ్యాగు కొక్కేనికి అలాగే వేలాడింది. డాక్టరమ్మ అడగలేదు, జిప్పులమ్మాయి ఇవ్వలేదు. ఆవిడ గుడ్డసంచీతో ఆసుపత్రికి వెళ్ళేది.

ఏడాది తిరిగాక ఒక ఉదయం ఆవిడ మెట్లు దిగి వచ్చి నా ఎదుట నిలబడింది. "తాళం తీశారు పిన్నిగారూ."

"ఏమని వచ్చింది?"

"రెండూ ఒకటే. మందు పడ్డవాళ్ళూ నీళ్ళు పడ్డవాళ్ళూ ఒక్కలాగే ఉన్నారు."

"మరి ఇన్నేళ్ళ మీ కష్టం?"

"పనిచెయ్యదని తెలిసింది. అది అచ్చు వేయించాలి. లేకపోతే ఇంకో ఊళ్ళో ఇంకెవరో మళ్ళీ పసివాళ్ళకి సూదులు గుచ్చుతారు. ముందు జిప్పులమ్మాయికి చెప్పాలి. మీరూ తోడు రండి."

"మానుతున్న పుండు గెలకడం ఎందుకమ్మా? అడిగినప్పుడు చూద్దాం."

"అడిగింది పిన్నిగారూ. నేను వెళ్ళిన ప్రతిసారీ అడిగింది."

చీర సర్దుకుని లేచాను. వెళ్ళాం. జిప్పులమ్మాయి కుట్టుమిషను మీద ఉంది. డాక్టరమ్మ కూర్చోలేదు.

"బాబుకి పడింది మందే అమ్మా."

మిషను ఆగింది. "కాదు. నీళ్ళు."

"మందే. అది ఎవరికీ పనిచెయ్యలేదు. పనిచేస్తుందని ఆశపడింది నేను. నీ చీటీ తప్పు కాదు."

జిప్పులమ్మాయి మిషను మీది బట్ట లాగి ఒళ్ళో పెట్టుకుంది. "అయితే ఆ నీళ్ళు పడినవాడు? వాడు నడుస్తున్నాడా?"

"వాళ్ళలో కొందరు నడిచారు, కొందరు నడవలేదు. మందు పడ్డవాళ్ళలోనూ అంతే. సీసా మారినా మన బాబు అలాగే ఉండేవాడమ్మా."

కొడుకు పోయిన రోజు అది ఏడ్చిన ఏడుపు నేను చూశాను. ఈ ఏడుపు వేరు. వీధిలో పరుగులు తీసే ఆ రెండోవాడు ఇప్పుడు పోయాడు. చేతులు మొహానికి అడ్డం పెట్టుకుని, "తెలియదని చెప్పండి డాక్టరమ్మా. ఎప్పుడూ చెప్పే మాటే కదా. ఇంకొక్కసారి చెప్పండి" అంది.

డాక్టరమ్మ పెదవులు కదిలాయి. చెబుతుందేమో అనుకున్నాను. నేనైతే చెప్పేసేదాన్ని.

"తెలుసమ్మా" అంది, వినీ వినపడకుండా.

వ్యాసం అచ్చయింది. "ఇన్నేళ్ళూ కష్టపడి పనిచెయ్యదని కనిపెట్టిందా!" అన్నాడు ఇస్త్రీ అతను. "నువ్వు కాల్చిన చొక్కా కాల్చలేదని అంటావు. ఆవిడ తనది కాలిందని తనే చెప్పింది. నోరు మూసుకుని పెట్టె వేడి చూసుకో" అన్నాను. డాక్టరమ్మ నాకు కాగితం చూపించింది. "మన మహారాజు ఎక్కడమ్మా ఇందులో?" అంటే ఒక అంకె మీద వేలు పెట్టింది. అంతమందిలో వాడొకడు. ఆ అంకె మీద నేనూ వేలు పెట్టాను.

కొన్నాళ్ళకి ఆవిడకి వేరే ఊరి ఆసుపత్రిలో పని వచ్చింది. సామాను లారీకెక్కించాక, బ్యాగు తెచ్చుకుందాం రమ్మంది. జిప్పులమ్మాయి కొక్కెం మీంచి తీసి ఇచ్చింది. కొత్త జిప్పు, అంచులకి రెండు వరసల కుట్టు. డాక్టరమ్మ తెరిచి చూసుకుంది. గంట ఉంది. దిమ్మలున్నాయి. సుత్తి ఉంది.

"ఇందులో ఎర్ర బంతి ఉండాలమ్మా."

జిప్పులమ్మాయి సూదిలోకి దారం ఎక్కిస్తూ తలెత్తలేదు. "తెలియదు డాక్టరమ్మా."

డాక్టరమ్మ మెల్లగా జిప్పు లాగి మూసింది. "చాలా బాగా వేశావు" అంది.

మలుపు తిరిగాక, ఇక్కడ ఊలు ఏ షాపులో దొరుకుతుందని నన్నడిగింది.