కనబడితేనే దిగమన్నాడు

గోదావరి మీద రైలు వంతెన పడ్డ కొత్తలో, మావైపు వాళ్ళం నిడదవోలు స్టేషన్‌కి కాలవ పడవలోనే వెళ్ళేవాళ్ళం. ఆ రోజు కాలవ లాకు తలుపుల దగ్గర మా ముందు ధాన్యం పడవలు ఆగి ఉండడంతో బాగా ఆలస్యమైంది. బండి తప్పిపోతుందేమోనని పడవవాణ్ణి తొందరపెడుతూనే ఉన్నాను. లాకు దాటగానే, పడవలో నా పక్కన కూర్చున్న జాలరి గట్టు మీదికి దూకి, పడవ లాగే కూలీలతో పాటు తనూ తాడు భుజానికెత్తుకున్నాడు. మిగతా మగవాళ్ళం నీడలో కూర్చునే ఉన్నాం.

"నువ్వూ బెజవాడకేనా?" అని కేకేసి అడిగాను.

"నేను బండెక్కనండి. పిఠాపురం నుంచి మా అమ్మ వస్తోందండి," అన్నాడు వగరుస్తూ. "ఊరి పేరు చదవలేదు కదండి, నేను కనబడితేనే దిగమన్నాను."

మేం రేవులో దిగేసరికే బండి వచ్చి ఆగి ఉంది. ఇద్దరం పరిగెత్తాం. నేను చివరి పెట్టెలోకి ఎక్కేశాను. అతను "అమ్మా, అమ్మా" అని పిలుస్తూ ఇంజను వైపు పరిగెడుతుండగానే బండి కదిలింది. మా పెట్టె అతన్ని దాటేటప్పుడు చూశాను. ఒక్కడే ఉన్నాడు.

తరవాతి స్టేషన్‌లో ఆడవాళ్ళ పెట్టె కిటికీలోంచి ఒక ముసలావిడ ప్లాట్‌ఫారం మీద ఒక్కొక్క మొహమే వెతుకుతోంది. నేను మూట తీసుకుని దిగిపోయి, ఆవిడ దగ్గరికి పరిగెత్తాను.

"మీ అబ్బాయి నిడదవోలులో ఉన్నాడమ్మా, ఇక్కడ దిగండి," అన్నాను.

"మావాడు కనబడలేదు కదా బాబూ," అని ఆవిడ కిటికీ ఊచ ఇంకా గట్టిగా పట్టుకుంది.

బండి కూత వేసింది.