ఆధారం అడిగిన మనిషి

పూర్ణా మార్కెట్లో నేను ఎండుచేపలు అమ్మే రోజుల్లో పోర్టు గుమస్తా ఒకాయన వచ్చేవాడు. చేపలు కొనేవాడు కాదు. చేపలు చుట్టే పాత పేపర్లను, నిద్రపోతున్న బిడ్డ వీపు నిమిరినట్టు అరచేత్తో సాపు చేసి చదివేవాడు. మూతపడిన మా ఊరి సాయంకాలం పత్రిక గురించి ఇంటర్నెట్ విజ్ఞాన సర్వస్వంలో జీతం లేకుండా వ్యాసం రాశాడట.

"అచ్చులో ఆధారం సూపించకపోతే తీసేత్తారంట అప్పా. ఆ పత్రిక అసలు లేనట్టే అయిపోద్ది," అన్నాడొకనాడు, నన్ను అక్క వరసలో పిలుస్తూ.

నలభై దాటాక వయోజనుల బడిలో అక్షరాలు నేర్చుకున్నదాన్ని. సొంతంగా చదివిన మొదటి మాట ఆ పత్రిక పేరే. అందుకే పేరున్న పైముక్క చింపి ఒక డబ్బాలో దాచుకుని, మిగతా కాగితంలోనే చేపలు చుట్టేదాన్ని. డబ్బా తెరిచి ఆ ముక్కలన్నీ ఆయన ముందు పోశాను. ఒక్కోదాని మీద పేరు, తేదీ, సంచిక నంబరు. ఆయన చెయ్యి వాటిని నిమురుతూ పోయింది. రేవులో ఓడ కూసింది. ఆయనకు వినపడలేదు. నాకూ ఆ పూట బేరాలు గుర్తు లేవు.

"నాను సదవడం నేర్సుకున్నది ఈ పేపరు మీదేనని కూడా రాయి బాబూ."

"ఆధారం ఏటప్పా? అచ్చులో ఉందేటి?" అన్నాడు తల ఎత్తకుండానే.

ఒళ్లు మండింది. ఏం చాదస్తపు మనిషి అనుకున్నాను. వ్యాసం మాత్రం నిలిచింది. ఆయన ఇప్పుడెక్కడున్నాడో తెలియదు. అందుకే ఇది నా చేత్తో రాసి అచ్చుకు ఇస్తున్నాను. చూసుకో బాబూ, ఇదే ఆధారం.