పక్కింట్లో పెట్టిన ప్రస్థానం

ప్రయాణానికి మంచిరోజు చూసుకునే మీరు, ఆ రోజు ఎవరికి మంచిదని ఎప్పుడైనా అడిగారా?

మా పిన్నికి ఆ మంచిరోజు మిగిల్చింది విరిగిన కుడిచేతి మణికట్టు. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో, ఆమె పేరు మీదే ఉన్న క్వార్టర్ గుమ్మంలో, ఆమె మరిది కాలి కింద అది విరిగింది. మర్నాడు ఆమె జైసల్మేర్ బయలుదేరాలి. జీవితంలో మొదటిసారి తనకోసం పెట్టుకున్న ప్రయాణం.

పిన్ని అంటే మా అమ్మ చెల్లెలు. బాబాయి రైల్వే డ్యూటీలో ఉండగా పోతే ఆ ఉద్యోగం ఆమెకిచ్చారు. పదహారేళ్లుగా కోచింగ్ డిపోలో హెల్పర్. నిచ్చెనెక్కి రైలు పెట్టెల్లో ఫ్యాన్లూ స్విచ్చులూ చూస్తుంది. బాబాయి దినాలకు వచ్చిన ఆయన తమ్ముడు, భార్యతో సహా ముందుగదిలో దిగాడు, మళ్లీ లేవలేదు. బిలాస్‌పూర్ పక్కనే తిఫ్రాలో లారీల బుకింగ్ ఆఫీసులో అతను గుమాస్తా. ఆమె క్వార్టర్లో మాత్రం యజమాని. ఏటా ఆమెకొచ్చే రైలు పాసు మీద ఎక్కడికి వెళ్లాలో అతనే చెప్పేవాడు. సింహాచలం, అరసవల్లి, పూరీ. మొక్కులు అతనివి, తీర్చేది ఆమె. అతని కొడుకు పరీక్ష గట్టెక్కినందుకు ఆమె గుండు చేయించుకుని వచ్చింది. డిపోలో నెలల తరబడి తలకు గుడ్డ కట్టుకుని నిచ్చెనెక్కింది.

రాజస్థాన్ వైపు నుంచి వచ్చిన పెట్టెల కిటికీ షట్టర్ల గాడిలో సన్నని ఇసుక ఉంటుందని ఆమె ఎప్పుడూ చెప్పేది.

"మన అర్పా ఏటి ఇసక కాదురా. గోధుంపిండిలాగుంటాది. ఊదితే లెగిసిపోతాది. అదెక్కణ్ణుంచొస్తందో ఓసారి సూడాల."

పోయిన శీతాకాలం ఆ మాట పట్టుకుని కూర్చుంది. ఆమె వరండాలో చాప మీద నా ఫోనూ ఆమె డైరీ పెట్టుకుని రోజూ సాయంత్రం లెక్కలు వేసేవాళ్లం. ఢిల్లీలో బండి మారాలి. పగలు ఎండ, రాత్రి చలి, కనుక స్వెటరు కావాలి. పసుపు రాతి కోట ఉంది, దాని లోపల ఇప్పటికీ జనం కాపురాలు చేస్తున్నారు. అది విని ఆమె డైరీ మూసి నవ్వింది.

"కోటలో కాపరమా? అచ్ఛా. మరి సీలింగ్ ఫేన్లు ఉంటాయేటి?"

"ఒంటె ఎక్కుతావా పిన్నీ?"

"పదహారేళ్ల నుంచి నిచ్చెన ఎక్కుతున్నాను. ఒంటె కాస్త మెత్తగుంటాది కదేటి."

ఆ నవ్వు మరిదికి వినబడింది. లోపలి నుంచి టీ గ్లాసుతో వచ్చి నిలబడ్డాడు.

"ముండమోసిన మనిషి ఎడారికెల్లి ఏటి సేస్తాది? ఎవుడున్నాడక్కడ?"

ఆమె డైరీలో 'స్వెటరు' అని రాసింది. అతను గ్లాసు విసిరాడు. అది ఆమె కుడి కనుబొమ మీద తగిలింది. టీ, నెత్తురు కలిసి పేజీ మీద పడ్డాయి. ఆమె చీర చెంగుతో రెండూ తుడిచి, అతని వైపు చూసింది.

"ఇంకో గ్లాసు పొయ్యమన్నారా మరిదిగారూ? ఇది సల్లారిపోనాది."

కొట్టి లాభం లేదని ఆరోజు అతనికి అర్థమైంది. అందుకే మర్నాడు పంచాంగం తెచ్చాడు. ఆమెకు సెలవు దొరికింది ఆదివారం నుంచి. ఆదివారం పడమరకు వారశూల. ఆ దిక్కుగా అడుగేస్తే శూలంలో గుచ్చుకున్నట్టే. పైగా విధవ ఒంటరి ప్రయాణం. ఆ కీడు ఆమెకే కాదు, ఇంటిల్లిపాదికీ తగులుతుందన్నాడు. నాకు కావలసింది అదే. ఇరవై ఏళ్లుగా హేతువాద సభల్లో ఈ శూలాలను విరగ్గొడుతున్నవాణ్ణి. ఆదివారం పడమరకు పోయే బండ్లన్నీ ఏమవుతున్నాయి? ఆ డ్రైవర్లు, గార్డులు, పెట్టెలో వెయ్యిమంది, అందరూ శూలాలకు గుచ్చుకుని వేలాడుతున్నారా? గొంతు చించుకుని అడిగాను. అతను పంచాంగం మూశాడు. గెలిచాననుకున్నాను.

పక్కింటి అత్తయ్య గోడ మీంచి మధ్యేమార్గం చెప్పింది. మా శ్రీకాకుళం వైపు నుంచి తెచ్చుకున్న పద్ధతే. చెడ్డరోజున బయలుదేరక తప్పకపోతే, ముందే ఒక మంచిరోజున సంచి తీసుకెళ్లి పక్కింట్లో పెడతారు. ప్రయాణం అప్పుడే మొదలైనట్టు లెక్క. దాన్ని ప్రస్థానం అంటారు. సంచిలో ఒక చీర, గుప్పెడు బియ్యం, అది లేకపోతే ప్రయాణం సాగని వస్తువొకటి ఉండాలి. మా రైల్వే ఇళ్లలో ఆ వస్తువు ఎప్పుడూ పాసే. ఇప్పుడు పాసు ఫోన్లోకి వెళ్లిపోయింది. పంచాంగం వెళ్లలేదు. కనుక ఆమె డ్యూటీ గుర్తింపు కార్డు పెట్టాలన్నారు. పాసు మీద వెళ్లేవాళ్లు రైల్లో అది చూపించాలి.

"నాకెందుకురా ఈ తంతు? నాను నమ్మనుగా," అంది పిన్ని.

"ఒక సంచి పక్కింట్లో ఉంటే ఏం పోతుంది పిన్నీ? గొడవ లేకుండా వెళ్తావు," అన్నాను నేను.

ఆ మాట అన్నది నేనే. వేదికల మీద మూఢనమ్మకం గొంతు పట్టుకునేవాణ్ణి, ఇంట్లో దానికి కుర్చీ వేశాను. గురువారం పొద్దున్న సంచి నా చేతులతోనే మోసి అత్తయ్య అరుగు దాటించాను.

శనివారం మధ్యాహ్నం డ్యూటీ దిగి పిన్ని సంచి కోసం వెళ్లింది. అక్కడ లేదు.

"మీ మరిదొచ్చి అడిగేడమ్మా. ఇంటి మగోడు అడిగితే ఇవ్వకుండా ఎలాగ?" అంది అత్తయ్య.

పిన్ని ఇంటికొచ్చేసరికి అతను గుమ్మంలో కుర్చీ వేసుకుని ఉన్నాడు. సంచి కాళ్ల దగ్గరుంది. ఆ తర్వాత జరిగింది ఆమే నాకు చెప్పింది, ప్లాస్టర్ తడారక ముందు, గొంతు పెంచకుండా.

"ప్రస్థానం పెట్టిన సంచి మళ్లీ గడప తొక్కితే ప్రయాణం లేనట్టే. శాస్తరం," అన్నాడట. "నీ అక్క కొడుకు ఒప్పుకున్న శాస్తరమే."

ఆమె వంగి సంచి పట్టుకుంది. అతను జుట్టు పట్టుకుని ఆమె తలను గుమ్మానికేసి కొట్టాడు. రెండోసారి కొట్టినప్పుడు ఆమె పడిపోయింది. సంచి పట్టీ మాత్రం వదల్లేదు. లోపల అతని భార్య వంటింటి తలుపు వేసుకుంది.

"ఇడు," అన్నాడు.

"ఇడవను."

మణికట్టు మీద కాలు పెట్టి తొక్కాడు. చెప్పులున్న కాలు. మూడుసార్లు. మూడోసారి ఎముక విరిగిన శబ్దం ఆమె కేకకన్నా ముందు వినిపించిందట.

ఆ వరసలో ఇంకా తొమ్మిది ఇళ్లు. మధ్యాహ్నం మూడు గంటలు. తొమ్మిది గుమ్మాల్లోనూ మనుషులున్నారు. నాకు ఎవరో ఫోన్ చేస్తే మా ఇంటి నుంచి సైకిలు మీద వచ్చాను. ఆమె గోడకానుకుని కూర్చుని ఉంది. చెయ్యి ఉండకూడని వైపు తిరిగి ఉంది. అతను ఇంకా కుర్చీలోనే ఉన్నాడు. వాడి మొహం మీద గుద్దాను. మళ్లీ గుద్దాను. పన్నొకటి ఊడి నా వేలి కణుపు చీల్చింది. ఆ క్షణాన నాకు ఎంత సుఖంగా ఉందో రాయడానికి సిగ్గుపడుతున్నాను, అయినా రాస్తున్నాను. ఏ వాదంలో గెలిచినప్పుడూ అంత సుఖం నాకు దొరకలేదు.

ఆ సుఖం ఖరీదు ఆమె చెల్లించింది. పోలీస్ స్టేషన్లో అతను నెత్తురోడే నోటితో నాకన్నా ముందు కూర్చున్నాడు. ఫిర్యాదు రాసుకునే ఆయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "దోనోం తరఫ్ సే మార్‌పీట్ హై. ఘర్ కా మామ్‌లా హై, సమ్‌ఝౌతా కర్ లో," అన్నాడు. రెండు వైపులా కొట్టుకున్నారు, ఇంటి గొడవ, రాజీ పడండి. లేదా ఇంటివాళ్లు కాని సాక్షిని ఒక్కణ్ణి తెమ్మన్నాడు.

ఆదివారం బండి దాని వేళకి వెళ్లిపోయింది. పిన్ని ఆసుపత్రిలో ఎడమచేత్తో అన్నం తినడం నేర్చుకుంటోంది.

"నువ్వు కొట్టకపోతే నా దెబ్బలు నాకుండేవిరా," అంది. "ఇప్పుడు వాటికెదురుగా వాడి పన్నొకటి పెట్టి తూస్తన్నారు."

నేను తొమ్మిది తలుపులూ కొట్టాను. సంతకం అడిగాను. ఒకాయన రిటైర్మెంటు దగ్గరపడిందన్నాడు. ఒకామె ఆ టైముకి నిద్రపోయానంది, ఆమె ముక్కు మీద వేలేసుకుని గుమ్మంలో నిలబడి ఉండగా నేను చూశాను. నా ఉపన్యాసాలకు ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టే మిత్రుడొకడు, "సిద్ధాంతపరంగా నీతోనే ఉన్నాను," అన్నాడు. సంతకం దగ్గర లేడు. అత్తయ్య తలుపు సగమే తీసింది.

"రేపు మా ఇంటి మీదికొస్తాడు బాబూ. నువ్వొచ్చి కాపలా కాస్తావేటి?"

సంతకం లేని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. ఇప్పటికీ అక్కడే ఉంది.

అతను ఇంకా ఆ ముందుగదిలోనే ఉన్నాడు. అతణ్ణి క్వార్టర్ నుంచి పంపించమని పిన్ని ఆఫీసులో ఎడమచేతి రాతతో అర్జీ పెట్టింది. ఆఫీసు పోలీసు కేసు కాగితం అడుగుతోంది. పోలీసులు సాక్షిని అడుగుతున్నారు. ఆమె మా ఇంట్లో ఉంటూ, డ్యూటీకి వెళ్లి వస్తోంది. వచ్చే శీతాకాలానికి సెలవు అడిగింది. ఈసారి ఏ రోజు బయలుదేరేదీ ఎవరికీ చెప్పనంటోంది.

"ఎల్తాను. కానీ తిరిగొచ్చి తాళం తీసుకోడానికి నాకో ఇల్లుండాలి కదరా. వాడికి ఆ తాళం ఒగ్గేసి ఎల్తే అది పారిపోడమవుతాది, ఊరు సూడ్డం కాదు."

ఒక్క సంతకం చాలు. తొమ్మిది గుమ్మాల్లో అది దొరకలేదు. శూలం ఏ దిక్కునుందో తొమ్మిది ఇళ్లవాళ్లూ చెప్పగలరు. చెయ్యి ఎవరు విరిచారో చెప్పమంటే ఒక్కరికీ నోరు లేదు.

మీ వరసలోనూ ఇలాంటి ఇల్లు ఒకటుంది. ఏ ఇల్లో మీకు తెలుసు. ఈ పుస్తకం మూసి లేవండి. ఒక కాగితం తీసుకుని మీరు చూసింది, విన్నది, ఏ రోజు, ఎన్ని గంటలకు, రాయండి. కింద మీ పేరు, ఇంటి నంబరు వేయండి. దాన్ని ఇవాళే స్టేషన్లో ఇచ్చి రండి.