ఫోటోలో కళ్ళు తెరిచిన కాక

నారాయణఖేడ్‌లో గుడ్డివాడు కావాలంటే కళ్ళు పోతే చాలదు. ఈ సంగతి నాకు మండలాలు కొత్తగా వచ్చిన రోజుల్లో తెలిసింది. అంతకు ముందు నేను కూడా కళ్ళు లేనివాడే గుడ్డివాడు అనుకునేవాణ్ణి. ఏడో తరగతిలో బడి మానేసినవాడికి అంతకంటే ఏం తెలుస్తుంది.

బస్టాండు గోడకు ఆనుకుని నాకో రేకు డబ్బా ఉండేది. అందులో కూర్చుని స్టౌలు, టార్చిలైట్లు, గొడుగులు బాగుచేసేవాణ్ణి. చేతికంటే నోరే ఎక్కువ పనిచేస్తుందని గిరాకీల ఫిర్యాదు. నిజమే, వచ్చినవాణ్ణి నవ్వించకుండా పంపితే ఆ రోజు నాకు పని చేసినట్టే ఉండేది కాదు. ఆ నోటికి ఎదురు జవాబు చెప్పగలిగినవాడు బస్టాండు మొత్తంలో ఒక్కడే. అతడికి రెండు కళ్ళూ లేవు.

చిన్నాన్నను పిలిచినట్టు అందరం కాక అని పిలిచేవాళ్ళం. కన్నడ సరిహద్దున ఉన్న నాగల్‌గిద్ద వైపు మనిషి. కోపమొస్తే కన్నడంలో తిట్టి, కోపం చల్లారాక దాని అర్థం తెలుగులో చెప్పేవాడు. బావులు తవ్వే పనికి పోయేవాడట. ఒకసారి బండలో పెట్టిన మందు పేలలేదని చూడబోయాడు. అది ఆయన చూసేదాకా ఆగి పేలింది. భార్య అంతకు ముందే చనిపోయింది, ఆ తర్వాత వానలకు గుడిసె కూలింది. ఎవరో బస్సెక్కిస్తే మా ఊళ్ళో దిగాడు, దిగినచోటే ఉండిపోయాడు. పగలు కాక బెంచీ మీద, ఆయన మూట కింద. రాత్రయితే మూట బెంచీ మీద, కాక కింద.

ఆ ఏడు బస్టాండుకు కొత్త కంట్రోలరు వచ్చాడు. బస్టాండు ఉన్నది బస్సుల కోసం, మనుషుల కోసం కాదని ఆయన గట్టి నమ్మకం. చివరి బస్సు వెళ్ళగానే శుభ్రత పేరు చెప్పి నేలంతా బకెట్లతో నీళ్ళు కొట్టించేవాడు. పొద్దున నేను వచ్చేసరికి కాక గొంగడి నా డబ్బా మీద ఆరుతుండేది. చలికాలం దగ్గరపడుతోంది. కాక దగ్గు నా స్టౌ చప్పుడును మించిపోయింది.

బస్టాండు ఎదురుగా ఒక అవ్వ హోటలు నడిపేది. మనసు మంచిది, కాని ఆ సంగతి ఎవరికీ తెలియనివ్వదు. ఒకనాడు కాక దగ్గు విని తనే అన్నది.

"సర్కారు గుడ్డోళ్ళకు పింఛన్ ఇస్తున్నదట గదా. తెచ్చుకో. నెలనెల నా చేతిల పెట్టు. రెండు పూటల జొన్నరొట్టె పెడ్త, హోటలెనక సాయబాన్ కింద జాగ ఇస్త."

"పింఛన్ రాకముందు ఇయ్యవా అవ్వా?" అన్నాడు కాక.

"ఊకెనే ఇస్తే నేను గూడ వచ్చి నీ బెంచీ కిందనే పండుకోవాలె."

అలా కాకకూ, హోటలు వెనక గోడకు రేకుల పంచ దించిన ఆ సాయబానుకూ మధ్య సర్కారు వచ్చి నిలబడింది. దాన్ని పక్కకు జరిపే పని నేను ఎత్తుకున్నాను. ఎందుకంటే నాకు ఊళ్ళోవాళ్ళ పనుల్లో తల దూర్చే జబ్బు ఉంది, దానికి పింఛన్ లేదు.

మొదట సంగారెడ్డి పెద్ద దవాఖానకు పోయి, కళ్ళు లేవని డాక్టరు చేత రాయించుకోవాలి. పోయాం. డాక్టరు వేళ్ళు చూపించి, "ఇవి ఎన్ని?" అని అడిగాడు.

"నువ్వే చెప్పు సారూ, నీ ఏళ్ళే గద," అన్నాడు కాక.

డాక్టరు నవ్వి ముద్ర కొట్టాడు. తిరుగు బస్సులో కాక ఆ కాగితాన్ని అంగీ లోపల పెట్టుకుని, "పొద్దుగాల పోయేటప్పుడు ఉత్తగనే కనబడకపోతుండె. ఇప్పుడు గుడ్డోణ్ణి అయిన," అన్నాడు.

మండలాఫీసులో ఇచ్చిన దరఖాస్తులో ఇంటి నంబరు రాయమన్నారు. ఇల్లు లేనందుకే పింఛన్ అడుగుతున్నామంటే, ఇల్లు లేనివాడికి పింఛన్ ఎట్లా పంపుతామని గుమాస్తా అడిగాడు. అదీ నిజమే. అవ్వను బతిమాలితే తన హోటలు నంబరు రాసుకోనిచ్చింది. "కాయితం మీదనే పండుకోవాలె, సాయబాన్ల గాదు," అని కాకకు గట్టిగా చెప్పింది.

ఇక మిగిలింది ఫోటో.

మా ఊళ్ళో ఫోటో స్టూడియో నడిపే ఆయన్ను సేటు అనేవాళ్ళం. గొప్ప పనివాడు. ఫోటో తీయడం ఆయనకు సగం పనే. మిగతా సగం సన్నటి కుంచె, పెన్సిలు పట్టుకుని నెగటివ్ ముందు కూర్చోవడం. అమ్మవారు పోసిన మచ్చలు మాపేవాడు, పెళ్ళిచూపుల పిల్లలకు రంగు తెచ్చేవాడు. అన్నిటికంటే పేరు తెచ్చిన పని ఇంకొకటి ఉంది. ఇంటి పెద్ద చనిపోయాక, అయ్యో ఒక్క ఫోటో కూడా లేదే అని గుర్తొచ్చి పరుగెత్తుకొస్తారు. సేటు పోయి, శవాన్ని గోడకు కూర్చోబెట్టి తీసి, మూసిన రెప్పల మీద కుంచెతో కళ్ళు తెరిచేవాడు. ఖేడ్‌లో చాలామంది పెద్దమనుషులు పోయిన తర్వాతే ఇంటి సంగతులు సరిగ్గా చూడటం మొదలుపెట్టారు.

అలాంటి సేటు ముందుకు కాకను తీసుకుపోయాను. కాకను చూడగానే ఆయన గుండె కరిగింది. పైసలు వద్దన్నాడు. స్టూడియో కోటు తొడిగాడు, పౌడరు రాశాడు, తల దువ్వాడు. "పింఛన్ ఫోటో గద, జర మంచిగుండాలె," అన్నాడు. నాకూ ఆ మాట సబబుగానే తోచింది.

ఫోటోలు రాగానే బస్టాండంతా చేతులు మారాయి. అందులో కోటు వేసుకున్న కాక, రెండు పెద్ద కళ్ళతో నిటారుగా మా వైపు చూస్తున్నాడు.

"గీయనెవరే, పట్వారీ లెక్కున్నడు," అన్నది హోటలు అవ్వ.

"కండ్లు పెట్టిండా?" అన్నాడు కాక. "ఎట్లున్నయి?"

"పెద్దగున్నయి," అన్నాను.

"ఎటు జూస్తున్న?"

"మా దిక్కే."

"ఎప్పటిసంది?"

"ఫోటో వచ్చినప్పటిసంది."

"మరి ఒక్కలు గూడ రామ్ రామ్ అనరేంది," అన్నాడు కాక.

ఆ రోజు బస్సు కోసం వచ్చిన ప్రతివాడూ ఫోటోకు దండం పెట్టి పోయాడు. అంతమందిలో ఒక్కడికి కూడా, నాతో సహా, ఇది గుడ్డివాళ్ళ పింఛన్‌కు పెట్టే ఫోటో అనే సంగతి తట్టలేదు. బాగున్న ఫోటోను బాగుందనడమే మాకు తెలుసు.

దాని మీద గెజిటెడ్ అధికారి సంతకం కావాలి. ఆ కుర్చీలవాళ్ళలో మమ్మల్ని కూర్చోబెట్టి మాట్లాడేవాడు పశువుల డాక్టరు ఒక్కడే. ఒక చేతిలో బర్రె తోక ఉంది, రెండో చేత్తో సంతకం పెట్టాడు. ఫోటో వైపు చూశాడో లేదో నేను చెప్పలేను, బర్రె వైపు మాత్రం చూశాడు. ముద్ర సగం కోటు మీద, సగం కాక చెవి మీద పడింది.

అన్నీ కలిపి మండలాఫీసుకు పట్టుకుపోతే, గుమాస్తా కళ్ళజోడు సర్దుకుని ఫోటోను చాలాసేపు చూశాడు.

"గీ ఫోటోల మనిషికి కండ్లున్నయి."

"మీ ముంగట నిలబడ్డ మనిషికి లేవు గద సార్," అన్నాను.

"ముంగట నిలబడ్డోణ్ణి ఫైల్ల పెట్టి కుట్టమంటవా? పైకి పోయేది ఫోటోనే." మళ్ళీ తనే కొంచెం మెత్తబడ్డాడు. "బేస్తారం నాడు సార్ కూసుంటడు. ఆనాడు మంజూరైతే అయినట్టు. మల్ల ఎప్పుడు కూసుంటడో నాకే ఎరుక లేదు. ఇంకో ఫోటో పట్కరా."

సేటుకు ఈ సంగతి చెబితే మొహం చిన్నబుచ్చుకున్నాడు. "ఇంతమందికి కండ్లు పెట్టిన, ఎవ్వలు వాపస్ తేలే."

"వాళ్ళు వాపస్ తెచ్చే హాలత్ల లేకుండె సేటూ," అన్నాను.

"సరే, ఈపారి ఏం ముట్ట. ఒట్టు," అన్నాడు.

కాక మాత్రం ఇంకో ఫోటోకు అంత ఇష్టంగా కదల్లేదు. "ఎన్నేండ్లకో కండ్లొచ్చినయి. నాలుగు దినాలు గూడ ఉండనియ్యరా," అని గొణిగాడు. కాని ముందు రోజు రాత్రి కంట్రోలరు నీళ్ళు కొట్టించాడు. గొంగడి ఇంకా పచ్చిగానే ఉంది. దగ్గుతూ వచ్చి స్టూడియో కుర్చీలో కూర్చున్నాడు.

బేస్తవారం పొద్దున సేటు ఫోటో తెచ్చి నా చేతిలో పెట్టి, తల వంచుకుని నిలబడ్డాడు. కోటు లేదు. పౌడరు లేదు. చిరిగిన అంగీ చిరిగినట్టే ఉంది. మాసిన గడ్డం మాసినట్టే ఉంది. కళ్ళు మాత్రం మొదటి ఫోటోకంటే బాగా కుదిరాయి.

"ఏంది సేటూ గిది?"

"కోటు పెట్టలే. మొకం ముట్టలే. అంతా అయినంక నెగటివ్ ముంగట ఊకెనే కూసున్న. చెయ్యి దానంతల అదే పోయింది."

"కోటున్నప్పుడు పట్వారీ లెక్కున్నడు. ఇప్పుడేమో కండ్లు మంచిగున్న బీదోని లెక్కున్నడు. వానికి పింఛన్ లేదు," అన్నాను.

ఇంకొక ఫోటోకు వేళ లేదు. దారిలో పశువుల డాక్టరు దగ్గర ఆగితే, ఈసారి మేకకు సూది వేస్తూ దీని మీదా సంతకం పెట్టాడు. ముద్ర తడి ఆరకముందే ఆఫీసు చేరాం.

ఎమ్మార్వో పడుచువాడు, కొత్తగా వచ్చాడు. మా వంతు వచ్చేసరికి గుమాస్తా ఆయన చెవి దగ్గర వంగి, "రెండు ఫోటోలున్నయి సార్. రెండిట్ల కండ్లే," అన్నాడు. ఎమ్మార్వో ఫోటోను చూసి, కాకను చూసి, మళ్ళీ ఫోటోను చూశాడు.

"ఇది నువ్వేనా?"

"నాకెట్ల తెలుస్తది సారూ, నేను సూడలే," అన్నాడు కాక. "అందరు నేనే అంటుండ్రు."

గదిలో ఎవరో నవ్వారు. ఎమ్మార్వో నవ్వలేదు. "దీని మీద నేను సంతకం పెడితే రేపు ఆడిట్ల నన్ను అడుగుతరు."

"మనిషిని చూడున్రి సార్," అన్నాను.

"ఆడిటు మనిషిని చూడది," అని ఫైలును ఎడమ వైపుకు తోశాడు. అటు వైపు ఉన్నవి వాపసు పోయేవి. కాకకు ఆ తోసిన చప్పుడు వినబడింది. అప్పటిదాకా ఏదో ఒకటి అంటున్న మనిషి అంగీ అంచు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. దగ్గును ఆపుకుంటున్నాడు, ఆఫీసులో దగ్గితే ఏమంటారోనని.

నాకు కాగితాల సంగతి తెలియదు గాని, కాగితాల వాళ్ళ భయాలు తెలుసు.

"సార్, వాపస్ పంపున్రి. కాని ఎందుకో రాయాలె గద. దవాఖాన డాక్టరు కండ్లు లేవని ముద్రేసిండు. పశువుల డాక్టరు ఈ ఫోటో నిజమని రెండుసార్లు ముద్రేసిండు. ఇద్దరు ఆఫీసర్లే. ఈ ఇద్దర్ల ఎవలది అబద్ధమని రాస్తరో చెప్పున్రి, పోయి వాళ్ళకు చెప్పొస్త."

ఎమ్మార్వో పెన్ను ఎత్తి అలాగే పట్టుకున్నాడు. ఆఫీసర్ల మధ్య తగువు వస్తే చివరికి ఆ ఫైలు తన బల్ల మీదే పడుతుందని గుమాస్తాకు బాగా తెలుసు. తనే అందుకున్నాడు.

"సార్, ఇద్దరిది నిజమే కావచ్చు. ఫోటో కండ్లు పోకముందుదని రాస్తే అయిపాయె."

ఎమ్మార్వో ఫోటో మీద వేలు పెట్టాడు. వేలికి సిరా అంటింది. "ముద్ర ఇంకా ఆరలే గదయ్యా."

"ముద్ర ఇయ్యాల్టిది సార్. ఫోటో పాతది."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండానే పని కానిచ్చారు. గుమాస్తా అందమైన అక్షరాలతో ఆ వాక్యం రాశాడు, ఎమ్మార్వో కింద సంతకం పెట్టాడు. ఫైలు కుడి వైపుకు వచ్చింది. కాకకు మళ్ళీ దగ్గు వచ్చింది, ఈసారి తీరిగ్గా దగ్గాడు.

మంజూరయ్యాక కూడా సర్కారుకు మా ఊరి దారి వెతుక్కోవడానికి సమయం పట్టింది. చలి సగం గడిచాక, ఒక మధ్యాహ్నం పోస్టుమ్యాను మనియార్డరు పట్టుకుని హోటలుకు వచ్చాడు. కాక వేలిముద్ర వేశాడు. అవ్వ ఆ డబ్బు కొంగున ముడేసుకుని, మాట మీద నిలబడింది. హోటలు వెనక సాయబాన్ కింద కట్టెలు జరిపి, గోనె పరిచి, చెయ్యి పట్టి తీసుకుపోయి కూర్చోబెట్టింది.

"ఇగ పండుకో. ఇక్కడ నీళ్ళు కొట్టెటోడు ఎవడు లేడు."

పట్టపగలే కాక పడుకున్నాడు. ముందు అలవాటు ప్రకారం మోకాళ్ళు గడ్డం దాకా ముడుచుకున్నాడు. బస్టాండులో కాళ్ళు బెంచీ దాటితే ఎవరో ఒకరు తొక్కేవాళ్ళు. కాసేపటికి ఒక కాలు కొంచెం చాపి ఆగాడు. ఎవరూ తొక్కలేదు. రెండోది కూడా చాపాడు. అలా చాపుతూ చాపుతూ పోతే పాదాలు అవతలి గోడకు తగిలాయి. ఆ రెండు పాదాలతో గోడను పైకీ కిందికీ తడిమి చూశాడు.

"గోడకు కాళ్ళు పెట్టకు, మొన్ననే సున్నం ఏసిన," అన్నది అవ్వ లోపలి నుంచి.

కాక విన్నాడు. చెవులు బాగానే పనిచేస్తాయి ఆయనకు. పాదాలు మాత్రం తీయలేదు.