పావుగంట బెంచీ

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఇరవై ఆరేళ్ళుగా ఈ బడిలో లెక్కలు చెబుతున్నాను. పిల్లలు చాటుగా నన్ను పిడుగు టీచరంటారని తెలుసు. నాకు తెలిసినట్టు వాళ్ళకు తెలియనివ్వను. అలాంటి నన్ను పిచ్చుకంత పిల్ల ఒకతె ఆపింది. ఎలా ఆపిందో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

రెండో తరగతికి కొత్త టీచరుగా చేరింది. ఇరవై మూడేళ్ళు, మొదటి ఉద్యోగం. స్టాఫ్‌రూమ్‌లో అందరం పిచ్చుక అనే పిలిచేవాళ్ళం. ఆర్నెల్లు పని చూసి ఉద్యోగం ఖాయం చేస్తారు. నోట్లో నాలుక లేని పిల్ల అనుకున్నాను. "మేడమేంటి, అక్కా అను" అని దగ్గరికి లాక్కున్నదీ నేనే.

ఆ రోజుల్లో నా బతుకు బాగాలేదు. నన్ను పెంచి చదివించిన మా అన్నయ్య మతిమరుపు జబ్బుతో మా ఇంట్లోనే ఉన్నాడు. నేనెవరో గుర్తుపట్టక, ఆసుపత్రి నర్సుననుకుని నన్ను "నర్సమ్మా" అని పిలిచేవాడు. పొద్దున్నే ఆ పిలుపు విని బడికొచ్చాక, ఎవరితోనైనా చెప్పుకోకపోతే గుండె పగిలిపోయేలా ఉండేది. మిగతా టీచర్లకు నన్ను చూడగానే ఏదో పని గుర్తొచ్చేది. పిచ్చుకకు మాత్రం గుర్తొచ్చేది కాదు. మొదటి గంటకు ముందు ఆ పిల్ల బోర్డు మీద ఆనాటి పాఠం రాసుకునే వేళకు వెళ్ళి, ముందు బెంచీలో కూలబడేదాన్ని. చాక్‌పీసు పట్టుకుని అలాగే నిలబడి వినేది. గంట కొట్టేవారు, పిల్లలొచ్చేవారు, బోర్డు ఖాళీగా ఉండేది. హెడ్మిస్ట్రెస్ ఆ ఖాళీ బోర్డును మూడుసార్లు చూసి, ఇలాగైతే ఉద్యోగం కష్టమని హెచ్చరించిందట. అప్పట్లో నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు, నా ఏడుపు నాది.

ఒకరోజు నేను నోరు తెరిచేలోపే, బోర్డు వైపు తిరిగి రాస్తూనే అంది:

"అక్కా, పొద్దున నేను వినలేను. బోర్డు ఖాళీగా ఉంటే పిల్లలూ ఖాళీగా కూర్చుంటున్నారు. మధ్యాహ్నం భోజనమయ్యాక పావుగంట మీదే. వరండా చివర బెంచీ మీద ఉంటాను. ఆ పావుగంటా ఇంకే పనీ ముట్టుకోను."

చాక్‌పీసు విరిగింది. మాట మాత్రం మార్చలేదు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఓహో, ఇక నేను టైంటేబుల్ చూసుకుని ఏడవాలన్నమాట!" అనేసి చరచరా వచ్చేశాను. ఆ మర్నాడే హెడ్మిస్ట్రెస్ పిలిచి, "మీరు పెద్దవారు, ఆ అమ్మాయిని ఖాయం చెయ్యమంటారా?" అని అడిగింది. "జాలి లేని మనిషి. పిల్లలకేం చెబుతుంది?" అన్నాను. కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేమని ఇన్నేళ్ళూ పిల్లలకు చెప్పిన నోరే ఇది.

అలిగి, స్టాఫ్‌రూమ్ మానేసి, నా తరగతిలోనే అన్నం తింటున్నాను. అక్కడి కిటికీలోంచి ఆ బెంచీ కనబడుతుంది. మొదటిరోజు పిచ్చుక ఒక్కతే కూర్చుని ఉంది. నటన అనుకున్నాను. రెండో రోజూ ఉంది. మూడో రోజూ ఉంది. నలభై మంది నోటుబుక్కులు దిద్దాల్సినవి తన క్లాసులో బల్ల మీద పడి ఉన్నా, చేతిలో ఒక్కటీ లేదు. పక్కన ఒక మనిషికి చోటు వదిలి, పావుగంటా కూర్చుని, లేచి వెళ్ళేది. వాన జల్లు కొట్టిన రోజు బెంచీని గోడవైపు జరుపుకుని మరీ కూర్చుంది. అలా తొమ్మిది రోజులు! నా సొంతవాళ్ళెవరూ నాకోసం అలా ఖాళీ చేతులతో కూర్చోలేదు. నా జన్మలో అంత మొండి పిల్లను చూడలేదు, అంత మెత్తని పిల్లనూ చూడలేదు.

పదో రోజు భోజనాల వేళ, మొదట హెడ్మిస్ట్రెస్ గదికి వెళ్ళాను. "ఆ రోజు నేనన్నది తప్పు. బోర్డు ఖాళీగా ఉన్నది నావల్ల. ఆ పిల్లను పోగొట్టుకోకండి" అన్నాను. ఆవిడ కళ్ళజోడు తీసి నన్ను ఎగాదిగా చూసింది. "అన్న మాట మీరు వెనక్కి తీసుకోవడమా! ఇన్నేళ్ళలో ఇదే మొదటిసారి" అంది. ఆ పిల్ల వద్దని రాసిన కాగితం మీద ఇంకా సంతకం పెట్టలేదట. బతికిపోయాను.

అక్కణ్ణించి తిన్నగా బెంచీ దగ్గరికి వెళ్ళాను.

"అమ్మాయ్, నీ గురించి హెడ్మిస్ట్రెస్‌తో చెడ్డగా చెప్పాను."

"తెలుసక్కా. వారమైంది తెలిసి."

"తెలిసీ రోజూ కూర్చున్నావా?"

"మీకిస్తానన్నాను కదా."

పిడుగు టీచరునైన నాకు, నా కూతురంత పిల్ల ముందు చేతులు కట్టుకుని నిలబడాలనిపించింది.

ఆ పిల్ల గడియారం చూసుకుంది. "నాలుగు నిమిషాలు అయిపోయాయి. ఇంక పదకొండే ఉన్నాయి, చెప్పండి. ఇవాళ అన్నయ్యగారు మిమ్మల్ని ఏమని పిలిచారు?"

నాకోసం వదిలిన చోట కూర్చున్నాను. "ఇవాళా నర్సమ్మనే" అన్నాను. ఆ తర్వాత ఆపుకోలేకపోయాను. పావుగంట కాగానే, నేనింకా ఏడుస్తుండగానే, నా భుజం మీద చెయ్యేసి, "రేపు కూర్చుందాం అక్కా" అని లేచి క్లాసుకు వెళ్ళిపోయింది.

ఈసారి నాకు కోపం రాలేదు.